ఎర్రబడిన పసుపు

పైపు మీద మంచు మరో నాలుగు వేళ్ళు వెనక్కి తగ్గింది. ఏసోబు చెవి మీద దోపుకున్న సుద్దముక్క తీసి, తెల్లటి నూగు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ గీత గీసి, పక్కన "శని" అని రాశాడు. దానికి నాలుగు వేళ్ళు ముందు "శుక్ర" ఉంది. ఇంకా ముందు, కంప్రెసరు మెడకి ఆనుకుని, "మంగళ" ఉంది.

ఏలూరు కాలవగట్టున పట్టాభిరామయ్యగారు ఐసు ఫాక్టరీ పెట్టిన నాటి నుంచి ఆ పైపు ఏసోబు చేతి కిందే ఉంది. ఇనప పీపాలో నీళ్ళలా ఉండే అమ్మోనియా రెగ్యులేటరు సందులోంచి దూరి, ఉప్పునీటి తొట్టిలో మునిగిన గొట్టాల్లో ఆవిరై, ఆ నీళ్ళలోని వేడిని లాక్కుని, ఈ పైపు వెంట కంప్రెసరుకి తిరిగి వస్తుంది. తొట్టిలో నిలబెట్టిన రేకు డబ్బాల్లో మంచినీళ్ళు దిమ్మలు కడతాయి. అమ్మోనియా నిండుగా ఉన్నన్నాళ్ళూ పైపు మీద మంచు కంప్రెసరు మెడ దాకా వచ్చి కూర్చుంటుంది. తగ్గిందా, తొట్టి వైపు వెనక్కి నడుస్తుంది.

ఏసోబు కంప్రెసరు తల మీద అరచెయ్యి ఆనించాడు. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు తీసేశాడు. తరవాత ఇనప చువ్వ ఒక కొస రెగ్యులేటరు మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నిండు అమ్మోనియా పారుతుంటే వర్షం నీళ్ళు తూములో పోతున్నట్టు ఒకే హోరు వినిపిస్తుంది. ఇప్పుడు మధ్య మధ్య చీదుతోంది.

"మేనేజరుగారండీ, అమ్మోనియా ఎక్కడో పోతోందండి," అన్నాడు ఆఫీసు గది గుమ్మం బయట నిలబడి. "రేపెలాగూ యంత్రం ఆపుతాం గదండీ. బిగింపులన్నీ ఓసారి చూసుకుంటానండి."

శివరామయ్య ముక్కు మీదికి జారిన కళ్ళజోడు మీదుగా చూశాడు. "రేపు విజయదశమిరా. యంత్రం ఆపేది పూజకి. నీ స్పానర్లు కూడా పూజలోనే ఉంటాయి. ఎల్లుండి చూద్దువుగాని."

ఆదివారం నాడు పట్టాభిరామయ్యగారి భార్య సీతారత్నమ్మగారు స్వయంగా వచ్చి పూజ చేశారు. ఆవిడ చెయ్యి ధారాళం. ఆయిలింజనుకీ కంప్రెసరుకీ బొట్లు పెట్టాక, మనిషి పొడుగున పడుకుని ఉన్న అమ్మోనియా పీపా దగ్గరికి వచ్చి, దాని బాన పొట్ట చూసి ముచ్చటపడి, గిన్నెలో మిగిలిన పసుపంతా దానికే మెత్తారు. పీపా మూతి దగ్గర గొట్టాన్ని కలిపే ఇనప చక్రాలు రెండుంటాయి, నాలుగు బోల్టులతో బిగించి. వాటికి కూడా చుట్టూరా పూశారు. కుంకం మాత్రం పొట్ట మీదే పెట్టారు, వరసగా మూడు బొట్లు.

సోమవారం పొద్దున్న ఇంజను తిప్పిన గంటకి వాచ్‌మన్ బుచ్చయ్య కేక పెట్టాడు.

"అమ్మో అమ్మో! చూడండి బాబూ! అమ్మ తాంబూలం వేసుకుందండీ!"

పీపా మూతి దగ్గర, కుంకం పెట్టని చోట, రెండు చక్రాల మధ్య పసుపు ఎర్రబడి ఉంది. ఎర్రబడటమంటే అక్కడక్కడా మరకలు కాదు. పండిన పెదవుల్లా చుట్టూరా ఉంది. ఏసోబు వంగి వాసన చూశాడు. ముక్కు లోపల సూది గుచ్చినట్టయింది. నడుముకున్న స్పానరు తీసి బోల్టు మీద వెయ్యబోయాడు.

"ఆగరా! చెయ్యి వెయ్యకు!" శివరామయ్య పరిగెత్తుకొచ్చాడు. వస్తూ వస్తూనే చెప్పులు విడిచేశాడు.

"అమ్మోనియా తగిలి పసుపు ఎర్రబడిందండి. ఇక్కడే కారుతోందండి. బిగిస్తే..."

"ఆ మాట మీ పాదిరిగారు చెప్పారేంట్రా? నీకు మా దేవుళ్ళంటే పడకపోతే ఇంట్లో అనుకో. ఇక్కడ మాత్రం స్పానరు లోపల పెట్టు."

మంగళవారానికి పీపా చుట్టూ కొబ్బరితాడు కట్టారు. మామిడాకులు కట్టారు. తంగెళ్ళమూడి నుంచీ కాలవ అవతల నుంచీ ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. ఎవరు పెట్టారో తెలీదు గాని పీపాకి చల్లనమ్మ అనే పేరు కూడా వచ్చింది. సాంబ్రాణి పొగలో అమ్మోనియా వాసన వేరుగా తెలియడం లేదు. ముందు వరసలో నిలబడ్డవాళ్ళకి మటుకు కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"ఏ గుళ్ళోనూ ఇలా కాలేదే తల్లీ," అంది ఒక ముసలావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "ఎదట నిలబడితే చాలు, ఏడుపు ఆగదు."

ఏసోబుకి తాడు దాటి వెళ్ళే వీల్లేదు. చిక్కేమిటంటే రెగ్యులేటరు తిప్పే చక్రం తాడుకి లోపలుంది. అందుకని బుచ్చయ్య కాలవలో మునిగి తడిబట్టతో వచ్చి చక్రం పట్టుకుంటే, ఏసోబు ఇవతల నిలబడి చెప్పేవాడు.

"పావు చుట్టు మూయి బావా. పావే."

"ఎటేపు?"

"కుడికి. అదిగో, మరీ ఎక్కువైంది. రవ్వంత వెనక్కి."

"రవ్వంతంటే ఎంతయ్యా? నీకేం, ఎన్నైనా చెబుతావు. చేతులు కొంకర్లు పోతున్నాయి నాకు."

శివరామయ్య వచ్చి, "ఐసు మెత్తగా వస్తోందంటే ఇంకా మూయిస్తావేంట్రా? తెరిపించు. పూర్తిగా తెరిపించు," అన్నాడు.

"పీపాలో లేంది చక్రం తిప్పితే వస్తుందాండీ? తెరిస్తే ఉత్త ఆవిరే పోతుందండి. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవాలండి."

"నువ్వు తెరువు బుచ్చయ్యా."

బుచ్చయ్య తెరిచాడు. రెగ్యులేటరు గుర్రం సకిలించినట్టు చప్పుడు చేసింది. ఆడవాళ్ళు దండాలు పెట్టారు. ఏసోబు పైపు దగ్గరికి వెళ్ళి సుద్దతో గీత గీసి "మంగళ" అని రాశాడు. రెండు మంగళవారాలకీ మధ్య మూరెడు ఎడం వచ్చింది.

బుధవారం పదకొండు గంటలకి అబ్బాయిరాజు గూడుబండి దిగాడు. ఉండి ఊరి నుంచి వచ్చి కొల్లేటి చేపల కంట్రాక్టు పట్టిన మనిషి. కైకలూరు వైపు నుంచి పడవల్లో తెచ్చిన చేపని బుట్టల్లో ఐసు వేసి రైలెక్కించడం ఆయన వ్యాపారం. ఊకలో చుట్టిన ఐసు దిమ్మని ఇద్దరు మనుషుల చేత మోయించుకుని లోపలికి వచ్చి, పట్టాభిరామయ్యగారి ఎదట గచ్చు మీద పడేయించాడు. దిమ్మ రెండుగా పగిలింది. లోపలి నుంచి బిందెడు నీళ్ళు పారాయి.

"ఏవండీ పట్టాభిరామయ్యగారూ, మీ దగ్గర నేను కొంటున్నది ఐసాండీ, కొబ్బరికాయలాండీ? నిన్నటి బుట్టలు రైలెక్కకముందే స్టేషన్లో కంపు కొట్టాయి. పార్శిల్ బాబు ముక్కు మూసుకుని, 'రాజుగారూ, దీన్ని నేనెక్కించను' అన్నాడు. తాడేపల్లిగూడెంలో ఇంకో ఫాక్టరీ పెడుతున్నారంటగా. అక్కడా చల్లనమ్మ వెలిసిందేమో చూసొస్తాను."

పట్టాభిరామయ్యగారు ధాన్యం మిల్లు మనిషి. బియ్యపు గింజ కొరికి తడి చెప్పగలరు గాని, ఐసు ఆయనకి ఎప్పుడూ కొత్తే. శివరామయ్య వైపు చూశారు.

"నే చెబితే బాగుండదండి," అన్నాడు శివరామయ్య. "డబ్బాలు వేళకాకుండా పైకి లాగేస్తున్నాడు వీడు. అమ్మవారు వచ్చిన దగ్గర్నుంచీ పని మీద బుద్ధి లేదు. బెజవాడలో ఒక మనిషి ఉన్నాడు, ఉత్తరం కూడా రాసి ఉంచానండి."

ఏసోబు తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. "అయ్యగారండీ, డబ్బాకి ఇదివరకు ముప్పైయారు గంటలు. ఇప్పుడు నలభై ఎనిమిది ఉంచినా నడుమ గడ్డకట్టడం లేదండి. అమ్మోనియా తక్కువైంది. ఎక్కడ పోతోందో కూడా చూపిస్తానండి. తమరు ఒక్కసారి వస్తే చాలు."

"ఎలా చూపిస్తావు?"

"గంధకం వత్తితోనండి. అమ్మోనియా ఉన్నచోట పెడితే తెల్లటి పొగ వస్తుందండి."

అందరూ షెడ్డులోకి వచ్చారు. ఏసోబు పెట్టెలోంచి వత్తి తీశాడు. కరిగిన గంధకంలో ముంచి ఆరబెట్టిన నూలు వత్తి అది. ముట్టిస్తే సన్నని నీలి మంట. ముందు కంప్రెసరు బిగింపు దగ్గర పెట్టాడు. పొగ లేదు. తొట్టి దగ్గర పెట్టాడు. లేదు. నూనె పట్టిన గొట్టాల వెంట ఒక్కో బోల్టు దగ్గరా పెట్టుకుంటూ వచ్చాడు. ఎక్కడా లేదు. "చూస్తున్నారా అయ్యగారూ, ఎక్కడా రావడం లేదండి," అన్నాడు. పట్టాభిరామయ్యగారు చూడటం లేదు. అబ్బాయిరాజుతో తాడేపల్లిగూడెం ఫాక్టరీ ఎవరిదని అడుగుతున్నారు.

తాడు దగ్గరికి వచ్చాక ఏసోబు ఆగి, వత్తిని పొడుగాటి చువ్వకి కట్టి, ఇవతల నుంచే పీపా మూతికి చాచాడు.

దూది పేలినట్టు తెల్లటి పొగ లేచింది. చక్రాల చుట్టూ తిరిగి, మామిడాకుల మధ్య నుంచి కప్పుదాకా పోయింది.

"ఇదిగోనండి!" అన్నాడు ఏసోబు.

ఆ మాట ఎవరికీ వినపడలేదు. బుచ్చయ్య బోర్లా పడిపోయాడు. ఆడవాళ్ళు గొల్లున "అమ్మా, చల్లని తల్లీ" అన్నారు. అబ్బాయిరాజు, అంత కోపం మీదున్న మనిషీ, కండువా నడుముకి చుట్టుకున్నాడు. పట్టాభిరామయ్యగారు కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించారు. తెరిచేసరికి ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఏసోబు చువ్వ దించి, మండుతున్న వత్తిని కాలితో నలిపాడు.

బయటికి వచ్చాక పట్టాభిరామయ్యగారు మెల్లిగానే చెప్పారు. "శనివారం దాకా చూస్తాను ఏసోబూ. శనివారం తీసే దిమ్మ గట్టిగా ఉంటే సరే. లేకపోతే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు. శివరామయ్యా, ఆ ఉత్తరం పోస్టు చెయ్యి."

ఆ సాయంత్రం ఏసోబు భార్య సలోమి పళ్ళెంలో అన్నం పెట్టి, అతను తినకుండా వేళ్ళు చూసుకుంటుంటే అడిగింది. ఏసోబు ఉన్నదున్నట్టు చెప్పాడు.

"బిగించేస్తే పోలా, ఎవరూ లేనప్పుడు?" అంది.

"నాలుగు నట్లూ బిగిస్తే ఆగే కారుడు కాదు. చక్రాల మధ్య సీసం ఉంగరం తినుకుపోయింది. మార్చాలి. మార్చాలంటే పసుపు తీసెయ్యాలి. పసుపు నేను తీశానంటే రేపు మన పేటలో ఇల్లుంటుందా?"

సలోమి మజ్జిగ పోసింది.

గురువారం మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డులో ఇంజను, ఏసోబు తప్ప మెలకువగా ఎవరూ లేరు. బుచ్చయ్య తాడు పక్కనే తుండు పరుచుకుని నిద్రపోతున్నాడు. సీతారత్నమ్మగారు వచ్చారు. వెంట ఎవరూ లేరు. చేతిలో తమలపాకు ఉంది.

"ఏసోబూ, ఇలా రా. నిన్నొకటి అడగాలి."

"చెప్పండమ్మగారూ."

"నిన్న అమ్మ దగ్గర ఈ ఆకు మీద పసుపు పెట్టి కాసేపుంచాను. ఎర్రబడింది. మా దేవుడి గదిలో పెట్టుకుందామని తీసుకెళ్ళాను. సావిట్లోకి వెళ్ళేసరికి అంచు పసుపైంది. దేవుడి గదిలోకి వెళ్ళేసరికి పూర్తిగా పసుపే." ఆవిడ ఆకు తిప్పి చూపించారు. "పొద్దున మళ్ళీ తెచ్చాను, మళ్ళీ అంతే. అమ్మ నా వెంట దేవుడి గది దాకా రావడం లేదు. నా పూజలో ఏం లోపం జరిగిందో నాకు బోధపడటం లేదు. నువ్వు మొదటి రోజు ఏదో అన్నావట. ఏమిటది?"

ఏసోబు బుచ్చయ్య వైపు చూశాడు. బుచ్చయ్య గుర్రు పెడుతున్నాడు.

"అమ్మగారూ, పారాణికి తమరు పసుపులో ఏం కలుపుతారండి?"

"సున్నం."

"సున్నం తగిలితే పసుపెందుకు ఎర్రబడుతుందో, అమ్మోనియా తగిలినా అందుకే ఎర్రబడుతుందండి. సున్నం పోదు, ఉండిపోతుంది. ఇది గాలి. గాలికి వచ్చింది గాలికి పోతుందండి. అందుకే తమరి దేవుడి గదిదాకా రాలేదు."

సీతారత్నమ్మగారు కొంగు మూల ముడి విప్పి చిటికెడు పసుపు తీసి, ఆకు మీద తడిపి, తాడు మీద నుంచి వంగి పీపా మూతి దగ్గర పట్టుకున్నారు. ఇద్దరూ చూస్తుండగానే ఎర్రబడింది. ఆవిడ ఆకుతో గుమ్మం బయటికి వెళ్ళి ఎండలో నిలబడ్డారు. కళ్ళ నీళ్ళు తుడుచుకోలేదు. కొంతసేపటికి లోపలికి వచ్చి పసుపుపచ్చ ఆకు చూపించారు. మళ్ళీ పీపా దగ్గర పెట్టారు. మళ్ళీ ఎర్రబడింది.

"మూడు రోజుల నుంచీ ఏడుస్తున్నాను దీని ముందు," అన్నారు.

"అందరూనండి. అది కళ్ళకి మంచిది కాదండి. బిగింపు ఇంకా ఊడితే ఊపిరికీ మంచిది కాదు."

"నీ ఉద్యోగం పోతుందటగా శనివారం?"

"అంటున్నారండి."

"ఇది బాగు చెయ్యాలంటే ఎంతసేపు పడుతుంది?"

"మూడు గంటలండి. సామాన్ల కొట్లో అమ్మోనియా నింపిన ఇనప సీసా ఒకటుంది."

ఆవిడ బుచ్చయ్యని లేపి, అయ్యగారినీ మేనేజరునీ పిలుచుకు రమ్మని పంపారు. బుచ్చయ్య ఏం చెప్పి పిలిచాడో గాని పట్టాభిరామయ్యగారు భోజనం చేసిన చెయ్యి సరిగా తుడుచుకోకుండానే వచ్చారు. వెనక శివరామయ్య. వాళ్ళు వచ్చేసరికి సీతారత్నమ్మగారు తాడు విప్పేసి, బిందెలో నీళ్ళు పెట్టుకుని, తడిగుడ్డతో పీపా తుడుస్తున్నారు.

"ఏమిటే ఇది? అపచారం కదూ!"

"ఏవండీ, ఈ పసుపు ఎవరు పెట్టారు?"

"నువ్వే."

"నేను పెట్టింది నేను తీసుకుంటున్నాను. ఉద్వాసన చెప్పేశాను. ఇనపముక్క ఇనపముక్కగా ఉంటుంది కాసేపు."

"అమ్మగారూ, తమరు ఇంకొక్కసారి ఆలోచించుకుంటే..." అన్నాడు శివరామయ్య.

"శివరామయ్యగారూ, మీ ఇంట్లో పారాణి ఎవరు కలుపుతారు?"

శివరామయ్యకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పడం ఇష్టంలేక కళ్ళజోడు సర్దుకున్నాడు. సీతారత్నమ్మగారు గుడ్డ పిండి, మూతి చుట్టూ నాలుగు బోల్టులూ మెరిసేలా తుడిచి, బిందె తీసుకుని వెళ్ళిపోయారు. పట్టాభిరామయ్యగారు భార్య వెళ్ళిన వైపు చూసి, పీపా వైపు చూసి, "మరి కానీ," అన్నారు ఏసోబుతో.

ఏసోబు పీపా కవాటం మూసి, గొట్టంలో మిగిలిన అమ్మోనియాని కంప్రెసరు చేత లాగించి, ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని బోల్టులు విప్పాడు. సీసపు ఉంగరం ఒక పక్క ఎలక కొరికినట్టుంది. కొత్త సీసపు రేకు ఉంగరంగా కత్తిరించి, సుత్తితో అంచు సాపు చేసి, మధ్యలో కూర్చోబెట్టి, ఎదురెదురు బోల్టులు వంతులవారీగా బిగించాడు. కవాటం తెరిచి, గంధకం వత్తి ముట్టించి చుట్టూ తిప్పాడు. సన్నని నీలి మంట, అంతే. తరవాత కొట్లోంచి సీసా దొర్లించుకొచ్చి, తల్లకిందులుగా ఆనించి గొట్టం తగిలించి, కొద్దికొద్దిగా ఎక్కించాడు. చువ్వ చెవికి ఆనించి విన్నాడు. చీదడం పలచబడి, పలచబడి, తూములో నీళ్ళ హోరుగా మారింది.

పైపు మీద మంచు కదలడం కంటికి కనపడదు. ఏసోబు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. దీపాలు పెట్టే వేళకి నిన్నటి గీత మంచు కింద మునిగింది. శుక్రవారం పొద్దున్నకి "శని" మునిగింది. మధ్యాహ్నానికి అన్నిటికన్నా ముందున్న "మంగళ" కూడా తెల్లబడి, మంచు కంప్రెసరు మెడ పట్టుకుంది.

శనివారం తీసిన దిమ్మని పట్టాభిరామయ్యగారే దగ్గరుండి గచ్చు మీద పడేయించారు. ఠంగున మోగి, ఒక మూల పెచ్చు లేచింది గాని పగల్లేదు. అబ్బాయిరాజు చేత్తో తడిమి, "ఇదీ," అని బండ్లు పంపించాడు. బెజవాడ మనిషికి రావద్దని శివరామయ్య కార్డు రాశాడు.

ఏసోబుకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. సోమవారం పనిలోకి వస్తే, వచ్చావేమని అడగలేదు, అంతే. షెడ్డు బయట చాపలు పరుచుకుని కూర్చున్నవాళ్ళతో శివరామయ్య అంటున్నాడు: "వెళ్ళిపోతూ పోతూ ఐసు బాగుచేసి వెళ్ళింది తల్లి. ఉండవలసిందే గాని, ఏం చేస్తాం, మూడు రోజులకి మించి ఉండనివ్వలేదు." అన్నప్పుడు ఏసోబు వైపే చూశాడు. కూర్చున్నవాళ్ళూ చూశారు. బుచ్చయ్య ఆ వారమంతా ఏసోబుతో మాట్లాడలేదు.

ఆ శుక్రవారం పొద్దున్న సీతారత్నమ్మగారు గిన్నెడు పసుపు తడుపుకుని వచ్చారు. అమ్మని మళ్ళీ పిలుస్తున్నారనుకుని బుచ్చయ్య పరిగెత్తి కొబ్బరికాయ తెచ్చాడు. ఆవిడ పీపా పొట్ట జోలికి పోలేదు. పీపా మూతికి ఒక చుట్టు పూశారు. అక్కడ నుంచి కంప్రెసరు బిగింపుకీ, తొట్టి దగ్గర గొట్టాలకీ, గోడ వెంట పోయే పైపులో ఎక్కడెక్కడ బోల్టులున్నాయో అక్కడల్లా, ఒక్కటీ వదలకుండా పలచగా పూసుకుంటూ వచ్చారు. ఒకచోట అందకపోతే ఏసోబు మెట్లబల్ల తెచ్చి వేశాడు. "వెనక పక్క ఇంకోటుందండి," అన్నాడు నెమ్మదిగా. ఆవిడ వెనక పక్కకీ చెయ్యి పెట్టారు.

శివరామయ్య కుంకం భరిణె పట్టుకుని ఆవిడ వెనకాలే తిరుగుతున్నాడు.

"అమ్మగారూ, పసుపు మాత్రం పెట్టి వదిలేశారు. బొట్లు పెట్టలేదు."

"వద్దులెండి." సీతారత్నమ్మగారు చేతులు కడుక్కున్నారు. "వచ్చే శుక్రవారమూ పెట్టను. దానికి కావలసి వచ్చినప్పుడు అదే పెట్టుకుంటుంది."

శివరామయ్య ఆ మాటకి భక్తిగా తలూపి భరిణె మూత పెట్టాడు. ఏసోబు చెవి మీది సుద్దముక్క తీసుకుని పైపు దగ్గరికి నడిచాడు. మంచు మెడ దగ్గరే ఉంది. అక్కడ గీత గీసి, "శుక్ర" అని రాశాడు.